1966 బీటిల్: ఎడమ యాక్సిల్ ట్యూబు దగ్గర గేర్ ఆయిల్ ఆగడం లేదు, ఏ మందం ప్యాకింగ్ వేయాలి?

తాబేలు66 (ఆస్టిన్, టెక్సస్) | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నా బండి 1966 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1300 ఇంజను, స్వింగ్ యాక్సిల్ గేర్‌బాక్సు. ఎడమ వెనక చక్రం వైపు గేర్ ఆయిల్ కారుతోంది. ఆరు వారాల్లో మూడుసార్లు బండి కిందికి దూరాను. ఇంకా కారుతూనే ఉంది.

జరిగింది వరసగా చెప్తాను. ముందు యాక్సిల్ ట్యూబు మీది రబ్బరు బూటు పగిలి కనిపించింది. దాన్ని కోసేసి, పక్కన చీలిక ఉండి చిన్న చిన్న బోల్టులతో కలిపి బిగించే రకం బూటు తెప్పించి వేశాను. ఒక వారం బాగానే ఉంది. తర్వాత గేర్‌బాక్సుకి ట్యూబు అతికే చోట, అదే ఆరు నట్లు ఉండే ప్లేటు దగ్గర, తడి మొదలైంది. నట్లు ఇంకాస్త బిగించి, చుట్టూ సిలికాన్ దట్టంగా పూశాను. పది రోజులు ఆగింది. నిన్న పొద్దున కింద పరిచిన అట్టముక్క తీసి చూస్తే అరచేయంత మరక.

నా ప్రశ్నలు రెండు. గేర్‌బాక్సు దించకుండా యాక్సిల్ ట్యూబు ఒక్కటే బయటికి తీయొచ్చా? కొత్త కిట్‌లో ప్యాకింగ్ కాగితాలు ఒకే ఆకారంలో ఉన్నా మందాలు వేరువేరుగా ఉన్నాయి. వాటిలో ఏది వేయాలి? కాగితం మీద ఏమీ రాసి లేదు.

ఈ బండి మా అబ్బాయికి ఇద్దామని కొన్నాను. వాడు వచ్చే ఏడాది డ్రైవింగ్ నేర్చుకుంటాడు. ఆయిల్ బ్రేకుల మీదికి పోతుందేమోనన్నదే నా టెన్షన్.

ఆటోనగర్_అబ్బాయి (విజయవాడ) | ఆదివారం ఉదయం 8:15

అన్నా, ముందు ఎక్కడి నుంచి కారుతోందో తేల్చుకోండి. ఆయిల్ కనిపించిన చోటే పుట్టిందని అనుకోకూడదు. గాలికి వెనక్కి పోతుంది, ఒంపు ఉంటే కిందికి జారుతుంది. ఆటోనగర్‌లో మేం లారీ హౌసింగులకి చేసే పనే మీకూ చెప్తున్నా. ఆ ప్రాంతమంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు పలచగా చల్లండి. బండి ఒక పది కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో దారంలా కనపడుతుంది.

ఆ సిలికాన్ అంతా గీకేయండి. పైన పూసిన సిలికాన్ లీకు ఆపదు. ఎక్కడి నుంచి వస్తోందో కనపడకుండా దాస్తుంది, అంతే.

నాలుగో_గేరు (హైదరాబాద్) | ఆదివారం ఉదయం 11:30

తమ్ముడూ, పై సలహా నూటికి నూరుపాళ్లు సరైంది. పౌడరు వేసి చూడండి. ఈలోగా లోపల ఏముందో చెప్తాను. అది తెలిస్తే ప్యాకింగ్ మందం సంగతి దానంతటదే అర్థమవుతుంది.

ఈ బండిలో వెనక ఇరుసు గేర్‌బాక్సు దగ్గర ఒక్కచోటే వంగుతుంది. చక్రం వైపు కీలు లేదు. ఇరుసు ఒక గొట్టంలో తిరుగుతుంది, మీరు యాక్సిల్ ట్యూబు అన్నది అదే. గొట్టం లోపలి చివర గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రటి భాగాన్ని ఒకవైపు గేర్‌బాక్సు సైడ్ కవరు, ఇంకోవైపు ఆరు నట్లతో బిగించే రిటైనర్ పట్టుకుని ఉంటాయి. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు గొట్టం మొత్తం ఆ రెండింటి మధ్య కదులుతుంది. మన భుజం కీలు లాగానే అనుకోండి.

రిటైనర్‌కీ సైడ్ కవరుకీ మధ్య వచ్చేదే మీరు అడిగిన కాగితం ప్యాకింగ్. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆయిల్ ఆపడం. రెండోది, చాలామంది పట్టించుకోనిది, గొట్టం గుండ్రటి చివరకి ఎంత సందు ఉండాలో తేల్చడం. కాగితం మందం పెరిగితే రిటైనర్ దూరం జరుగుతుంది, సందు పెరుగుతుంది. పలచనైతే రిటైనర్ గొట్టాన్ని నొక్కి పట్టేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్క్‌షాప్ లెక్క ప్రకారం ఈ సందు 0 నుంచి 0.2 మి.మీ. లోపు ఉండాలి. కిట్‌లో వేరువేరు మందాలు ఇచ్చింది ఇందుకే. కొలిచి ఎంచుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. గుండ్రటి కీలు దగ్గర ఆయిల్ సీలు అనేది లేదు. అక్కడి నుంచి బయటికి వచ్చే ఆయిల్‌ని ఆపేది ఒక్క రబ్బరు బూటే. పైగా ఈ గేర్‌బాక్సు ఆయిలే గొట్టం గుండా వెళ్లి చక్రం దగ్గరి బేరింగుకి కూడా అందుతుంది. కాబట్టి బూటు ఒక్క దుమ్ము ఆపడానికే కాదు, బేరింగు బతకడానికి కూడా. లీకును తేలిగ్గా తీసుకుని ఆయిల్ తగ్గిపోనిస్తే ముందు దెబ్బ తినేది చక్రాల బేరింగులు.

గేర్‌బాక్సు దించక్కర్లేదు. ట్యూబు బండి మీదే తీయొచ్చు.

కొత్త_స్టీరింగు (న్యూజెర్సీ) | ఆదివారం మధ్యాహ్నం 2:05

నాది 1971 సూపర్ బీటిల్. నా బండికి కూడా ఈ ప్యాకింగ్ ఉంటుందా? ఎంత వెతికినా గొట్టం కనపడటం లేదు.

నాలుగో_గేరు | ఆదివారం మధ్యాహ్నం 2:20

మీ బండికి ఉండదు. అమెరికా వెళ్లిన బీటిల్స్‌కి 1969 మోడల్ నుంచి వెనక ఇరుసుకి రెండువైపులా సి.వి. జాయింట్లు, అంటే ఇరుసు వంగినా తిరగనిచ్చే కీళ్లు, వచ్చాయి. మీవి గ్రీజుతో నడిచే జాయింట్లు. వాటి బూటు పగిలితే గ్రీజు బయటికి వస్తుంది, గేర్ ఆయిల్ రాదు. మీ వైపు గేర్ ఆయిల్ కనపడితే గేర్‌బాక్సు పక్కన ఫ్లాంజి దగ్గరున్న ఆయిల్ సీలును అనుమానించండి. ఈ చర్చ మాత్రం పూర్తిగా పాత గొట్టం ఇరుసు గురించి.

ఎర్ర_ఘియా (శాన్ హోసే) | ఆదివారం రాత్రి 10:11

నాది 1963 కర్మన్ ఘియా. గేర్‌బాక్సు బీటిల్‌దే కాబట్టి ఇవన్నీ నేనూ పడ్డాను. తాబేలు66 గారూ, ఒక్క ప్రశ్న: మీ బూటు చీలిక ఎటువైపు ఉంది? కిందికా, పైకా, పక్కకా?

బూటు బిగించేటప్పుడు బండి జాకీ మీద ఉందా, చక్రాల మీద ఉందా?

తాబేలు66 | సోమవారం రాత్రి 8:50

పౌడరు పరీక్ష అయింది. సిలికాన్ గీకడానికే రెండు గంటలు పట్టింది. తర్వాత కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి పన్నెండు మైళ్లు తిరిగి వచ్చాను. రెండు చోట్ల తడి.

మొదటిది బూటు అడుగున, చీలిక వెంబడి, రెండో బోల్టుకీ మూడో బోల్టుకీ మధ్య. చీలిక కిందికే ఉంది. అక్కా, మీరు అడిగినట్టే బండి జాకీ మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా బిగించాను. బోల్టులు చేతికి అందుతాయని చీలిక కిందికి పెట్టాను.

రెండోది రిటైనర్ అంచు, అడుగున ఉన్న రెండు నట్ల మధ్య. అక్కడ కాగితం అంచు కొంచెం బయటికి ఉబ్బి కనిపిస్తోంది. పరీక్షగా చూస్తే ఒక కాగితం కాదు, రెండు పొరలు ఉన్నట్టు గీత ఉంది.

కుడివైపు పూర్తిగా పొడిగా ఉంది.

ఇంకొకటి గమనించాను. చక్రం పట్టుకుని బయటికి లాగి లోపలికి తోస్తే ఎడమవైపు లోపల ఎక్కడో 'టక్' అని మెత్తగా తగిలింది. కుడివైపు ఆ చప్పుడు లేదు.

నాలుగో_గేరు | మంగళవారం ఉదయం 7:40

ఆ 'టక్' శబ్దం చాలా సంగతులు చెప్తోంది. మీకంటే ముందు ఎవరో రెండు ప్యాకింగులు ఒకదాని మీద ఒకటి వేశారు. లీకు ఆగుతుందని అలా చేసి ఉంటారు. దాంతో సందు పెరిగి గొట్టం లోపల ఆడుతోంది. గొట్టం ఆడిన ప్రతిసారీ ఆ తాకిడి రిటైనర్ మీద, నట్ల మీద పడుతుంది. రెండు కాగితాలు పొడిగా ఒకదాని మీద ఒకటి ఉంటే వాటి మధ్య నుంచే ఆయిల్ ఊరుతుంది. అక్కడ నట్లు ఎంత బిగించినా ప్రయోజనం లేదు.

'ఇంకాస్త బిగించాను' అన్నారు కదా, ఎంత బిగించారో తెలియదు కానీ జాగ్రత్త. ఆ 8 మి.మీ. స్టడ్లు మెత్తటి తేలిక లోహంలో దిగి ఉంటాయి. ఆ నట్లకి 14 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు చాలు. మామూలు రెంచితో ఒక చెయ్యి బలానికే అది దాటిపోతుంది. స్టడ్డు మరలు ఊడివస్తే పని ఇంకో పెద్ద పని అవుతుంది. విప్పేటప్పుడు ప్రతి స్టడ్డునీ చేత్తో కదిపి చూడండి.

ఎర్ర_ఘియా | మంగళవారం ఉదయం 9:55

బూటు గురించి నేను చెప్తాను. ఈ విషయంలో నాకు చాలా పట్టింపు ఉంది, ఎందుకంటే నేను రెండేళ్లలో నాలుగు బూట్లు మార్చాను. కారణం బూటు కాదని తెలుసుకునేసరికి ఆలస్యమైంది.

చక్రం పైకీ కిందికీ ఊగుతుంది కదా. అప్పుడు బూటు పైభాగం, అడుగుభాగం బాగా సాగి ముడుచుకుంటాయి. ముందువైపు, వెనకవైపు మాత్రం దాదాపు కదలవు. చీలికని అడుగున పెడితే ప్రతి గుంత దగ్గరా ఆ అతుకు లాగబడుతుంది. పైగా ఆయిల్ నిలిచేది కూడా అక్కడే. కాబట్టి చీలిక బండి వెనకవైపుకి తిరిగి, నేలకి సమాంతరంగా ఉండాలి. చెయ్యి అందడం కష్టమే. అయినా అక్కడే పెట్టాలి.

రెండోది, బూటు తొడిగి క్లాంపులు వదులుగా వేసి ఉంచండి. బండిని చక్రాల మీదికి దించి, వెనక బంపరు పట్టుకుని రెండుమూడుసార్లు కిందికి నొక్కి వదలండి. అప్పుడు ఇరుసు రోడ్డు మీద ఉండే స్థితికి వస్తుంది. ఆ స్థితిలోనే బూటు మెలితిరగకుండా సరిచేసి క్లాంపులు బిగించాలి. జాకీ మీద వేలాడే స్థితిలో బిగిస్తే, దించాక బూటు మడతపడి ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది.

చీలిక అంచులకి లోపల పలచగా సీలెంటు రాసి, బోల్టులు రబ్బరు కాస్త ఉబ్బేదాకా మాత్రమే తిప్పాలి. రబ్బరు నలిగేలా బిగిస్తే రెండు బోల్టుల మధ్య అంచు విచ్చుకుంటుంది. మీకు రెండో బోల్టుకీ మూడో బోల్టుకీ మధ్య తడి వచ్చిందంటే అదే అయి ఉండాలి.

చీలిక లేని ఒకే ముక్క బూటు ఇంకా మంచిది. అది వేయాలంటే గొట్టం చివర ప్రెస్ చేసి ఉన్న బేరింగు హౌసింగు ఊడదీయాలి. నాకు ప్రెస్సు లేదు, అందుకే చీలిక రకమే వాడుతున్నాను. సరిగ్గా వేసిన బూటు నాకు మూడేళ్లుగా చుక్క వదల్లేదు.

ఆటోనగర్_అబ్బాయి | మంగళవారం మధ్యాహ్నం 1:30

ప్యాకింగ్ మందం సరిపోకపోతే కిట్ కోసం ఎదురుచూడక్కర్లేదు అన్నా, ఇంట్లోనే కోసుకోవచ్చు. ప్యాకింగ్ పేపరు రోల్ దొరుకుతుంది, మందం వారీగా అమ్ముతారు. రిటైనర్ మీద పేపరు పరిచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచుల వెంట మెల్లగా కొట్టుకుంటూ పోండి. లోహం అంచే కత్తిలా పనిచేసి పేపరుని కోస్తుంది. ముందు రెండు ఎదురెదురు బోల్టు కన్నాలు కొట్టి, వాటిలో బోల్టులు దూర్చి పేపరు జరగకుండా చూసుకోవాలి. మిగతావి తర్వాత. మా నాన్న దగ్గర నేను మొదట నేర్చుకున్న పని ఇదే. పేపరు చినగకుండా వృత్తం మొత్తం కొట్టేదాకా నన్ను పానా ముట్టుకోనివ్వలేదు.

ఒక్కటే జాగ్రత్త, సుత్తి దెబ్బ మెషిన్ చేసిన ముఖం మీద గట్టిగా పడకూడదు. అక్కడ చిన్న గాటు పడినా అదే లీకు అవుతుంది.

నాలుగో_గేరు | మంగళవారం మధ్యాహ్నం 3:10

చాలా మంచి పద్ధతి. కోసిన పేపరుని మైక్రోమీటరుతో కొలిచి వేయండి. రోల్ మీద రాసిన మందాన్నే నమ్ముకోకూడదు. కొత్త కాగితం బిగించాక కొంచెం నలుగుతుంది, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

తాబేలు66 | శనివారం రాత్రి 10:30

ఈరోజు పొద్దున ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం ఐదుకి ట్యూబు బయటికి తీశాను. వివరంగా రాస్తున్నాను. నా లాగా మొదటిసారి చేసేవాళ్లకి పనికొస్తుంది.

బండి నేల మీదే, చేతి బ్రేకు వేసి ఉండగానే, చక్రం మధ్యలో ఉన్న 36 మి.మీ. నట్టు వదులు చేశాను. ముందు స్ప్లిట్ పిన్ తీశాను. నట్టు 217 ఫుట్ పౌండ్లతో బిగించి ఉంటుంది కాబట్టి మామూలు రెంచికి కదల్లేదు. ఐదడుగుల ఇనుప పైపు తొడిగి మీద ఒరిగితే కదిలింది. తర్వాతే బండి లేపి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టాను.

ఆయిల్ వదిలే ముందు, పోసే మూతని తెరిచి చూశాను. రెండింటికీ 17 మి.మీ. ఆరు పలకల తాళం కావాలి. పోసే మూత తుప్పుకి పట్టేసి ఉంటే, కింది మూత తెరిచి ఆయిల్ వదిలేశాక తిరిగి పోసే దారే ఉండదు. అందుకే ఆ వరస.

తర్వాత డ్రమ్ము, బేరింగు కవరు, బ్రేకు ప్లేటు. చేతి బ్రేకు కేబులు, బ్రేకు పైపు విడదీశాను. స్ప్రింగు ప్లేటుకి హౌసింగు అతికే చోట రెండింటి మీదా కలిపి ఉలితో ఒక గీత కొట్టాను. అక్కడి బోల్టు కన్నాలు పొడుగ్గా ఉంటాయి. గుర్తు లేకుండా విప్పితే వెనక చక్రం దిశ మారిపోతుంది. బేరింగు పుల్లర్‌తో లాగాను. ఆరు నట్లు విప్పితే ట్యూబు ఇరుసు మీదుగా మెల్లగా బయటికి జారింది. ఇరుసు లోపలే ఉండిపోయింది.

మీరు చెప్పినట్టే రెండు ప్యాకింగులు. వాటి మధ్య ఆయిల్ ఊరిన నల్లటి గీత అడుగు భాగంలో స్పష్టంగా ఉంది. లోపలివైపు సిలికాన్ కూడా దొరికింది. నేను బయట పూసినది కాదు, అంతకు ముందెవరో లోపల పూసింది. పురుగుల్లా మెలికలు తిరిగి గొట్టం అడుగున ఆయిల్ దారిలో పడి ఉంది. ఒక ముక్క నా చిటికెన వేలంత పొడుగు ఉంది. అది చూసి నాకు నిజంగా భయం వేసింది. చక్రం బేరింగుకి ఆయిల్ వెళ్లే దారి అదే కదా.

పాత కాగితాలు కొలిస్తే ఒకటి 0.25, ఇంకొకటి 0.30 మి.మీ. రేపు సందు కొలుస్తాను. ఎలా కొలవాలో కాస్త చెప్పండి.

రైన్_ఒడ్డున (కొలోన్) | ఆదివారం ఉదయం 6:20

మంచి పని చేస్తున్నారు. జర్మన్‌లో దీన్ని పెండెల్‌ఆక్సే అంటారు, అంటే లోలకంలా ఊగే ఇరుసు. ఆ పేరు ఒక్కటి గుర్తుంటే చాలు, ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ రాపిడి ఉంటుందో, ఎక్కడ కారుతుందో అన్నీ తెలిసిపోతాయి.

సిలికాన్ గురించి ఒక మాట. లోపలికి పిండుకుపోయే ఏ సీలెంటునీ గేర్‌బాక్సు ముఖాల మీద వాడకండి. నేను కాగితం రెండు వైపులా క్యూరిల్ టి అనే గట్టిపడని సీలెంటుని వేలితో తుడిచినట్టు పలచగా రాస్తాను. కాగితం రంగు కనిపించాలి, అంత పలచన. రాసి కాసేపు ఆరనిచ్చి బిగిస్తాను. ముఖాలు గీతలు లేకుండా శుభ్రంగా ఉంటే పొడి కాగితం కూడా ఆయిల్ ఆపుతుంది.

చక్రం చివర కూడా విప్పారు కాబట్టి అక్కడి సీళ్లు అన్నీ ఇప్పుడే మార్చేయండి. లోపలి నుంచి వరస ఇది: బేరింగు, దాని మీద వాషరు, ఇరుసు మీద చిన్న ఓ రింగు, దాని మీద బయటి స్పేసరు, బేరింగు చుట్టూ పెద్ద ఓ రింగు, తర్వాత కాగితం ప్యాకింగ్, ఆయిల్ సీలు ఉన్న కవరు. ఆయిల్ సీలు పెదవి తిరిగేది ఆ బయటి స్పేసరు మీదే. స్పేసరు మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది. స్పేసరు కూడా మార్చాల్సిందే.

కవరుకి ఆయిల్ బయటికి పోయే చిన్న కన్నం ఉంటుంది. బిగించేటప్పుడు అది కిందికి ఉండాలి. సీలు పోతే ఆయిల్ బ్రేకు ప్లేటు వెనక్కి కారి కింద పడేలా ఆ ఏర్పాటు. కన్నం మూసుకుపోయినా, కవరు తిరగేసి బిగించినా ఆయిల్ డ్రమ్ములోకి పోతుంది. మీ అబ్బాయి నడిపే బండి అన్నారు కాబట్టి ఇది మాత్రం రెండుసార్లు చూడండి.

నాలుగో_గేరు | ఆదివారం ఉదయం 9:00

సందు కొలవడానికి: గొట్టం, రిటైనర్ శుభ్రం చేసి, గుండ్రటి ముఖాల మీద గీతలు ఉంటే సన్నటి ఎమెరీతో నునుపు చేసి, ఆయిల్ రాయండి. పాత రెండు కాగితాలూ పెట్టి ఆరు నట్లూ ఎదురెదురుగా, రెండు విడతల్లో 14 ఫుట్ పౌండ్లకి బిగించండి. ఇప్పుడు డయల్ గేజి ముల్లు గొట్టం మీద, గొట్టం పొడవు దిశలో ఆనించి, గొట్టాన్ని లోపలికి తోసి బయటికి లాగండి. ముల్లు ఎంత కదిలిందో అదే సందు. గొట్టాన్ని పైకీ కిందికీ ఊపి మూడు స్థితుల్లో కొలవండి. ఎక్కడైనా పట్టేస్తుంటే గుండ్రటి ముఖం అరిగినట్టు లెక్క.

ఇంకొకటి, సైడ్ కవరు జోలికి మాత్రం వెళ్లకండి. రిటైనర్ వెనక ఉన్న పెద్ద కవరు అది. దాని వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల సెట్టు) బేరింగు, షిమ్ములు, అంటే సందు సరిచేసే పలచటి లోహపు రింగులు, ఉన్నాయి. వాటి మందం, ఆ కవరు కింది ప్యాకింగ్ మందం కలిసి క్రౌన్ వీలు (డిఫరెన్షియల్ పెద్ద గేరు) ఎక్కడ కూర్చోవాలో తేలుస్తాయి. 'ఎలాగూ విప్పాను కదా, అదీ మారుద్దాం' అని ఆ కవరు తీసి వేరే మందం ప్యాకింగ్ వేసినవాళ్లు తర్వాత గేర్ల ఏడుపు వింటారు. అక్కడ తడి లేనప్పుడు ముట్టుకోవద్దు. నా దగ్గరికి అలా వచ్చిన గేర్‌బాక్సులు చూసి బాధపడి చెప్తున్నాను.

తాబేలు66 | ఆదివారం రాత్రి 9:15

మాస్టారూ, కొలిచాను.

మొదట డయల్ గేజి అయస్కాంతపు దిమ్మె గేర్‌బాక్సుకి పెట్టబోతే అతుక్కోలేదు. కేసు మెగ్నీషియం మిశ్రమం కదా, అయస్కాంతం పట్టదు. పక్కనే ఉన్న చాసిస్ ఉక్కు కొమ్ముకి పెట్టి కొలిచాను.

పాత రెండు కాగితాలతో సందు 0.40 మి.మీ. మూడు స్థితుల్లోనూ దాదాపు అంతే, ఎక్కడా పట్టేయలేదు. అంటే ఉండాల్సిన దానికి రెట్టింపు. 0.25 కాగితం తీసేసి 0.30 ఒక్కటే ఉంచి మళ్లీ బిగించాను. 0.15 వచ్చింది. గొట్టం చేత్తో నునుపుగా కదులుతోంది, 'టక్' శబ్దం పోయింది. కొత్త కిట్‌లో కొలిచి చూస్తే ఒకటి 0.32 ఉంది. బిగించాక కొంచెం నలుగుతుంది కాబట్టి అదే వేద్దామనుకుంటున్నాను. సరేనా?

స్టడ్లు ఆరూ గట్టిగానే ఉన్నాయి. చివరి ప్రమాదం తప్పింది.

నాలుగో_గేరు | సోమవారం ఉదయం 7:25

సరే. అదే వేయండి. వేసి బిగించాక ఒకసారి మళ్లీ కొలవండి, రాసుకోండి.

కొత్త_స్టీరింగు | సోమవారం ఉదయం 8:40

ఆయిల్ ఏది పోయాలి? షాపులో జి.ఎల్.5 ఇంకా మంచిది, కొత్త రకం అన్నారు.

రైన్_ఒడ్డున | సోమవారం ఉదయం 11:05

వద్దు. జి.ఎల్.4 గేర్ ఆయిల్ పోయండి, 80డబ్ల్యు90 లేదా ఎస్.ఏ.ఇ. 90. జి.ఎల్.5లో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ. అవి ఈ పాత గేర్‌బాక్సుల్లోని ఇత్తడి సింక్రో రింగులని (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులు) తినే ప్రమాదం ఉంది. 5 పెద్ద అంకె కాబట్టి ఇంకా మంచిదని అనుకోవద్దు, అది వేరే అవసరానికి చేసింది.

ఎర్ర_ఘియా | సోమవారం రాత్రి 9:30

ఆయిల్ పోసేటప్పుడు తొందరపడకండి. ఈ గేర్‌బాక్సుకి పట్టేది 2.5 లీటర్లు. ఒకేసారి పోస్తే లీటరున్నరకే మూతలోంచి పొంగి నిండిపోయినట్టు కనపడుతుంది. చిక్కటి ఆయిల్ గొట్టాల్లోకి నెమ్మదిగా జారుతుంది. లీటరు పోసి, టీ తాగి వచ్చి, మిగతాది పోయండి. మూత కన్నం అడుగు అంచుకి కాస్త కిందికి వచ్చి ఆగాలి. ఎక్కువ పోయడం కూడా మంచిది కాదు, మిగులు ఆయిల్ సీళ్ల మీద పడుతుంది.

తాబేలు66 | మరుసటి శనివారం సాయంత్రం 6:10

పని పూర్తయింది.

0.32 కాగితం, రెండు వైపులా పలచగా సీలెంటు, ఆరు నట్లు 14 ఫుట్ పౌండ్లు. బిగించాక సందు 0.16. చక్రం వైపు ఓ రింగులు, ఆయిల్ సీలు, స్పేసరు అన్నీ కొత్తవి. పాత స్పేసరు మీద నిజంగానే గోరు ఆగేంత గాడి ఉంది. కవరు కన్నంలో మట్టి గట్టిగా పేరుకుని ఉంటే సన్నటి తీగతో పొడిచి తీశాను. కన్నం కిందికి పెట్టి ఫోటో కూడా తీసుకున్నాను. ఉలి గీతలు కలిపి స్ప్రింగు ప్లేటు బిగించాను. బ్రేకు పైపు కలిపి గాలి తీశాను.

బూటు చీలిక వెనకవైపుకి పెట్టి, బండి నేల మీదికి దించాక క్లాంపులు బిగించాను. ఒక చెయ్యి పైనుంచి, ఒక చెయ్యి కింద నుంచి పెట్టి బోల్టులు తిప్పాల్సి వచ్చింది. మా అబ్బాయి సన్నటి చేతులు అక్కడ బాగా పనికొచ్చాయి. చివరి మూడు బోల్టులూ వాడే తిప్పాడు.

36 మి.మీ. నట్టుకి 217 ఫుట్ పౌండ్లు పెట్టాక స్ప్లిట్ పిన్ కన్నం కలవలేదు. వెనక్కి తిప్పకుండా, ఇంకాస్త ముందుకే బిగించి కలిపాను.

ఆయిల్ మొదట లీటరు, ఇరవై నిమిషాలు ఆగి ఇంకొక లీటరు, మళ్లీ ఆగి అర లీటరు. మొత్తం 2.5కి కాస్త తక్కువే పట్టింది.

ఆటోనగర్_అబ్బాయి | ఆదివారం ఉదయం 7:50

మీ వాడు ఆ బోల్టులు తిప్పాడంటే ఆ బండి సగం వాడిదైపోయినట్టే అన్నా. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పౌడరు చల్లి చూడండి. క్లాంపులు ఒకసారి సరిచూడండి, కొత్త రబ్బరు కుదురుకున్నాక కాస్త వదులవుతుంది.

తాబేలు66 | పది రోజుల తర్వాత, రాత్రి 8:05

నూట నలభై మైళ్లు తిరిగాం. పౌడరు చల్లి చూశాను. రిటైనర్ అంచు తెల్లగా ఉంది, బూటు తెల్లగా ఉంది, బ్రేకు ప్లేటు వెనక తెల్లగా ఉంది. అట్టముక్క మీద మరక లేదు. బూటు పెద్ద క్లాంపు ఒక అర చుట్టు వదులైంది, బిగించాను.

మా అబ్బాయి ఒక కార్డు మీద 'ఎడమ, ప్యాకింగ్ 0.32, సందు 0.16' అని రాసి, తారీఖు వేసి, డ్యాష్‌బోర్డు అరలో అతికించాడు. కార్డులో కుడివైపు గడి ఖాళీగా వదిలాడు. కుడివైపు పొడిగానే ఉంది. విప్పాలా, వదిలేయాలా?

నాలుగో_గేరు | మరుసటి రోజు ఉదయం 7:15

పొడిగా ఉన్నదాన్ని విప్పకండి. చక్రం పట్టుకుని లాగి తోసి చూడండి, 'టక్' లేకపోతే అలాగే ఉండనివ్వండి. ఆ బూటు పగిలిన రోజు ఎలాగూ చెయ్యి పెట్టాలి, అప్పుడు కొలిచి ఆ గడి నింపండి.

బ్రెజిల్‌లో ఈ బండిని ఫుస్కా పేరుతో 1996 దాకా తయారుచేశారు. విడిభాగాలు ఇంకా బాగానే దొరుకుతున్నాయి. ఒక బూటు, ఒక సెట్టు ప్యాకింగులు కొని ఇంట్లో ఉంచుకోండి, ఎండ తగలని చోట.